అంబాసిడర్‌కి ఏసీ బిగిస్తున్నారా? పైపులు అన్నిటికంటే చివర కొనండి

మీ ప్రశ్న ముందు నాకు అర్థమైనంత చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. 1984 మార్క్ 4 అంబాసిడర్, పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజినే ఉంది. డ్యాష్‌బోర్డ్ కింద వేలాడే కూలింగ్ కాయిల్ బాక్స్ కొత్తది కొన్నారు. కంప్రెసర్ సెకండ్ హ్యాండ్ సాండెన్ 508. కండెన్సర్ ఈమధ్య కారుది, అల్యూమినియం ప్యారలల్ ఫ్లో రకం. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ పైపుల షాపు ఆయన "ఇంతకంటే గట్టి పైపు ఉండదు, గంటలో క్రింప్ చేసిస్తా" అన్నాడు, అంటే పైపు చివర ఫిట్టింగు పెట్టి మిషన్‌తో నొక్కి బిగించడం. ఏసీ మెకానిక్ ఏమో పాత పైపులే ఉంచి క్లిప్పులు బిగిద్దాం అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి, ఏ సైజు తీసుకోవాలి, ఫిట్టింగులు అల్యూమినియమా స్టీలా అన్నది మీ సందేహం.

ఇద్దరి మాటా వద్దు. ఎందుకో చెప్తాను.

హైడ్రాలిక్ పైపు బలం గురించి ఆ షాపు ఆయన చెప్పింది అబద్ధం కాదు. జేసీబీ చేతిని ఎత్తే పైపుకి మన ఏసీ ప్రెషర్ ఒక లెక్కలోది కాదు. మే నెల మధ్యాహ్నం విజయవాడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా హై సైడ్, అంటే కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కి పంపే వైపు, 300 పీఎస్ఐ చుట్టుపక్కలే ఉంటుంది. కానీ ఏసీ పైపుకి పగలడం ఒక్కటే సమస్య కాదు. మీ ఏసీలో పట్టించే ఆర్-134ఎ గ్యాస్ అణువు పాతకాలం ఏసీల్లో ఉండే ఆర్-12 గ్యాస్ కంటే చిన్నది, మామూలు రబ్బరు గోడలోంచి మెల్లగా బయటికి పోతూనే ఉంటుంది. ఎక్కడా నూనె మరక ఉండదు, సబ్బు నీళ్ళు పూస్తే బుడగ రాదు, అయినా సీజన్ మధ్యలో చల్లదనం తగ్గుతుంది. మెకానిక్ మళ్ళీ గ్యాస్ పట్టిస్తాడు, మళ్ళీ అదే కథ. పైగా హైడ్రాలిక్ పైపు లోపలి రబ్బరు హైడ్రాలిక్ ఆయిల్ కోసం చేసింది, మన కంప్రెసర్ ఆయిల్ కోసం కాదు. లోపలి తేమ సంగతి కూడా వాళ్ళకి పట్టదు, ఎందుకంటే ఆ పనిలో పట్టాల్సిన అవసరం లేదు.

మనకి కావలసింది బ్యారియర్ హోస్. రబ్బరు పొరల మధ్యలోనో, అన్నిటికంటే లోపలో ఒక సన్నటి నైలాన్ పొర ఉంటుంది. గ్యాస్‌ని ఆపేది ఆ పొరే. షాపులో చూడటం తేలిక. పైపు మీద ఎస్‌ఏఈ జె2064 అనే ప్రమాణం నంబరు, ఆర్-134ఎ అని అచ్చు ఉండాలి. అచ్చు ఉన్నా నేను అక్కడితో ఆగను, ఒక చివర బ్లేడుతో నీట్‌గా కోయించి వెలుతురులో చూస్తాను. నల్లటి రబ్బరు మధ్య చుట్టూ వెంట్రుకంత లేత రంగు గీత కనిపిస్తుంది. కొన్ని రకాల్లో గీత ఉండదు, లోపలి గోడే నున్నగా ప్లాస్టిక్‌లా తగులుతుంది. ఈ రెండూ లేకుండా మొత్తం ఒకే నలుపు అయితే అచ్చు ఏం చెప్పినా తీసుకోకండి.

ఇక పాత పైపులు, క్లిప్పుల సంగతి. ఆర్-12 రోజుల్లో అది తప్పు కాదు. గరుకు పళ్ళున్న ఫిట్టింగ్ మీదికి రబ్బరు పైపు ఎక్కించి పైన స్క్రూతో బిగిసే వార్మ్ క్లిప్పు వేసేవాళ్ళు, నడిచేది. ఒక మాట మీ మెకానిక్ తరఫున కూడా చెప్పాలి: ఏళ్ళ తరబడి మినరల్ ఆయిల్ పీల్చుకున్న పాత పైపు గోడలో ఆయిలే ఒక అడ్డుగా పనిచేస్తుంది, అందుకే ఆర్-12 నుంచి ఆర్-134ఎకి మార్చిన కొన్ని కార్లు పాత పైపులతోనే పర్వాలేదనిపించాయి. కానీ మీ పైపుల వయసు చూడండి. వంచితే పైన పగుళ్ళు కనిపిస్తే ఇక చర్చ అనవసరం. ఇంకో పొరపాటు ఇంతకంటే చెడ్డది: కొత్త బ్యారియర్ పైపు తెచ్చి అవే పాత పళ్ళ ఫిట్టింగులకి క్లిప్పుతో బిగించడం. ఆ పళ్ళు లోపలి నైలాన్ పొరని కోసేస్తాయి. డబ్బు పెట్టి కొన్న పొరని మనమే చింపుకున్నట్టు.

సైజుల దగ్గరికొద్దాం. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, ఎవరూ మోసం చేయకుండానే. ఏసీ లైన్లలో నంబర్ 6, 8, 10, 12 అంటారు కదా, ఆ నంబరు అంగుళంలో పదహారో వంతుల లెక్క. కానీ అది ఆ లైన్‌కి సరిపడే లోహపు గొట్టం బయటి కొలత, రబ్బరు పైపు లోపలి రంధ్రం కాదు. కాబట్టి నంబర్ 8 గొట్టం బయట అరంగుళం ఉంటుంది, నంబర్ 8 హోస్ లోపల మాత్రం 13/32 అంగుళమే. లోపల సరిగ్గా అరంగుళం ఉండేది నంబర్ 10 హోస్. మీరు కౌంటర్ దగ్గర "అరంగుళం పైపు" అంటే ఒకడు 8 ఇస్తాడు, ఇంకొకడు 10 ఇస్తాడు, ఇద్దరూ కరెక్టే. అందుకని అంగుళాలు మాట్లాడకండి, నంబరు చెప్పండి.

మీ బండికి సక్షన్ నంబర్ 10, డిశ్చార్జ్ నంబర్ 8, లిక్విడ్ లైన్ నంబర్ 6. అంటే కూలింగ్ కాయిల్ నుంచి కంప్రెసర్‌కి 10, కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి 8, కండెన్సర్ నుంచి డ్రయ్యర్‌కి (లోపలి తేమని పీల్చే డబ్బా), అక్కణ్ణించి కాయిల్‌లోకి గ్యాస్‌ని కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌కి 6. లోపల కొలతలు వరుసగా అరంగుళం, 13/32, 5/16.

"అన్నీ 8 వేసేస్తే ఒకే రోల్‌తో పోతుంది కదా" అని కొందరు అంటారు. పోదు. కాయిల్‌లోంచి తిరిగొచ్చే గ్యాస్ తక్కువ ప్రెషర్‌లో ఉంటుంది, పలచగా ఉంటుంది. ఎండాకాలంలో అదే బరువు గ్యాస్ డిశ్చార్జ్ వైపు పట్టే చోటు కంటే సక్షన్ వైపు నాలుగైదు రెట్లు ఎక్కువ చోటు కావాలి. సన్న పైపు పెడితే దారిలోనే ప్రెషర్ పోతుంది. కాయిల్ దగ్గర 30 పీఎస్ఐ ఉండి, కంప్రెసర్ చేరేసరికి 25 అయిందనుకోండి, గేజ్ మీద ఐదే కదా అనిపిస్తుంది. కానీ వాతావరణ పీడనం కలిపి లెక్కేస్తే అది సుమారు 45 నుంచి 40కి పడటం. ప్రతి చుట్టులో కంప్రెసర్ లాగే గ్యాస్ పదో వంతు తగ్గిపోయింది. 508 చుట్టుకి 138 సీసీ లాగే కంప్రెసర్, మీ కారుకి సరిపోతుంది. అయితే మీ పాత 1489 సీసీ బీఎంసీ ఇంజిన్ ఐడిల్‌లో మెల్లగా తిరుగుతుంది కాబట్టి పోగొట్టుకోడానికి మన దగ్గర మిగులేం లేదు. వెనక డిక్కీలో ఇంకో కాయిల్ పెట్టి పొడవాటి లైన్ లాగేవాళ్ళు సక్షన్‌కి నంబర్ 12 చూసుకోవచ్చు. మీకక్కర్లేదు.

లిక్విడ్ లైన్ లావుగా ఉంటే లాభమేం లేదు, గ్యాస్ ఎక్కువ పడుతుంది అంతే.

బ్యారియర్ హోస్‌లో రెండు మందాలు దొరుకుతాయి, మామూలుది ఒకటి, గోడ పలచగా ఉండే రిడ్యూస్డ్ రకం ఒకటి. లోపలి రంధ్రం ఒకటే. పలచటిది సులువుగా వంగుతుంది, ఇరుకు కార్లలో బాగుంటుంది. కానీ దాని ఫెరూల్ వేరు, అంటే పైపు చివర నొక్కి బిగించే ఆ అల్యూమినియం కప్పు. మందం పైపు ఫెరూల్‌లో పలచటి పైపు పెట్టి గట్టిగా క్రింప్ చేస్తే బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది, వేడెక్కి చల్లబడే కొద్దీ వదులవుతుంది. పైపు, ఫిట్టింగు, ఫెరూల్ మూడూ ఒకదానికొకటి సరిపోయే రకం అని అడిగి తీసుకోండి. ఒకే కంపెనీవైతే మేలు. అంబాసిడర్ బోనెట్ కింద ఇంకో మనిషి కూర్చునేంత చోటుంది, కాబట్టి మీకు మామూలు మందమే చాలు. పైన రబ్బరు ఎక్కువ ఉంటుంది, రాపిడికి ఆగుతుంది. నెలల తరబడి షెడ్డులో నిలబెట్టే పాత కారు అయితే ఎలుకల సంగతి కూడా ఆలోచించాలి. అవి ముందు వైరింగ్ మీద పడతాయి, తర్వాత పైపుల మీద.

ఇప్పుడు ఫిట్టింగులు. ఈ మొత్తం జవాబులో ఒక్క పేరా చదవాలంటే ఇది చదవండి. పాత 508 మీద వెనక పోర్టులు చాలావాటికి ఫ్లేర్ రకం, కొత్త కాయిల్ బాక్సులకీ కండెన్సర్లకీ ఓ-రింగ్ రకం. రెండింటి మర థ్రెడ్ చాలా సైజుల్లో ఒకటే: నంబర్ 6కి 5/8 మీద అంగుళానికి 18 మరలు, నంబర్ 8కి సాధారణంగా 3/4 మీద 16, నంబర్ 10కి 7/8 మీద 14. కాబట్టి ఫ్లేర్ నట్టు ఓ-రింగ్ మూతి మీదికి చక్కగా ఎక్కుతుంది, బిగుసుకుంటుంది కూడా. కానీ సీల్ అవ్వదు. ఫ్లేర్‌లో 45 డిగ్రీల వాలు మీద లోహానికి లోహం ఒరుసుకుని కూర్చోవాలి. ఓ-రింగ్‌లో చిన్న ముక్కు లోపలికి వెళ్ళి, దాని మెడ మీదున్న రబ్బరు రింగు నలగాలి. ఒకదానికొకటి జోడిస్తే పానా ఎంత తిప్పినా లీకే, ఇంకా తిప్పితే అల్యూమినియం మర పోతుంది. కొనడానికి వెళ్ళేముందు కంప్రెసర్ వెనక మూతులు తుడిచి చూడండి. అంచు లోపలికో బయటికో వాలుగా ఉంటే ఫ్లేర్, లోపల తిన్నటి రంధ్రం ఉండి అంచు చదునుగా ఉంటే ఓ-రింగ్. అక్కడే ఎస్, డి అనో, సక్, డిస్ అనో అచ్చు ఉంటుంది. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. మార్చాల్సి వస్తే ఫ్లేర్ నుంచి ఓ-రింగ్‌కి అడాప్టర్ దొరుకుతుంది, కానీ ప్రతి అడాప్టరూ ఇంకో జాయింటే. కంప్రెసర్ వైపు ఫ్లేర్ ఫిట్టింగు, అవతలి వైపు ఓ-రింగ్ ఫిట్టింగు ఉండేలా పైపు చేయించుకోవడమే తెలివైన పని.

హైడ్రాలిక్ షాపులో దొరికే ఫ్లేర్ చాలాసార్లు 37 డిగ్రీలది. చూడటానికి ఒకేలా ఉంటుంది, అదీ పనికిరాదు.

అల్యూమినియమా స్టీలా? కండెన్సర్ అల్యూమినియం, దాని మూతులూ అల్యూమినియమే కాబట్టి అక్కడ అల్యూమినియం ఫిట్టింగులే వేయండి. స్టీల్ నట్టు అల్యూమినియం మర మీద బిగిస్తే, చెమ్మ తగిలాక రెండు లోహాల మధ్య తుప్పు పట్టి పట్టేస్తుంది. విప్పబోతే మూతే మెలి తిరుగుతుంది. కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. కంప్రెసర్ దగ్గర వణుకు ఎక్కువ, అక్కడ స్టీల్ ఫిట్టింగు వాడేవాళ్ళున్నారు, నాకు అభ్యంతరం లేదు. ఏదైనా రెండు పానాలతోనే బిగించాలి, ఒకటి మూతిని పట్టుకోడానికి, ఒకటి నట్టు తిప్పడానికి. ఒక్క పానాతో లాగితే కండెన్సర్ పల్చటి గొట్టం మెలిపడుతుంది. ఓ-రింగ్ జాయింటుకి కండబలం అక్కర్లేదు. నట్టు చదునుగా ఆనాక కొంచెం బిగువు, అంతే. టార్క్ పానా ఉంటే ఇంకా మంచిది.

ఓ-రింగులు ఆర్-134ఎకి పనికొచ్చే హెచ్‌ఎన్‌బీఆర్ అనే రబ్బరు రకం అడగండి. ఎక్కువగా ఆకుపచ్చవి వస్తాయి, కానీ రంగు చూసి నమ్మకండి, ప్యాకెట్ మీద చూడండి. పాతవి తిరిగి వాడొద్దు. బిగించేముందు రింగు మీద, మర మీద మినరల్ ఆయిల్ పూయండి. కంప్రెసర్‌లో పోసే పీఏజీ ఆయిల్ మర మీద పూస్తే అది గాలిలో తేమని లాక్కుంటుంది, తుప్పుకి దారి అవుతుంది.

ఇక శీర్షికలో చెప్పిన విషయం. పైపు చివర కొనండి అన్నాను కదా, ముందు సామాన్లన్నీ వాటి వాటి చోట్ల పూర్తిగా బిగించండి. కంప్రెసర్ బ్రాకెట్, బెల్టు టెన్షన్, కండెన్సర్, డ్రయ్యర్, కాయిల్ బాక్స్ ఇక కదలవు అన్నాక ఫిట్టింగులు తెచ్చుకోండి: స్ట్రెయిట్, 45, 90. మూతులకి చేత్తో తిప్పి పెట్టి, మధ్యలో పైపు దారి చూడండి. 90 ఎల్బో వాడితే పైపు వంపు తగ్గుతుంది. వంపు ఎక్కడ వచ్చినా ఫిట్టింగు దాటాక ఒకటి రెండు అంగుళాలు పైపు తిన్నగా సాగి, ఆ తర్వాతే తిరగాలి. ఫెరూల్ అంచు దగ్గరే వంగితే పగులు అక్కడే మొదలవుతుంది.

మీ ఇంజిన్‌లో కార్బురేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రెండూ ఎడమవైపే ఉన్నాయి. కాయిల్ బాక్స్ కూడా ఎక్కువగా ఎడమ సీటు వైపో మధ్యలోనో వేలాడుతుంది. అందువల్ల డ్యాష్‌బోర్డుకీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న రేకులోంచి ఇంజిన్ వైపు వచ్చిన పైపులు దగ్గర దారి వెతుక్కుంటే సరిగ్గా మానిఫోల్డ్ పైనుంచే పోతాయి. అక్కడ సక్షన్ పైపు వేడెక్కితే చల్లగా వస్తున్న గ్యాస్‌ని మళ్ళీ కాచినట్టే. రేకులో రంధ్రం వీలైనంత పైన, బయటి అంచు వైపు తీయండి, పైపుల్ని ఎడమ ఫెండర్ లోపలి గోడ వెంట ముందుకి నడపండి. తప్పించలేని చోట కనీసం నాలుగు వేళ్ళ సందు ఉంచి వేడి తగలని స్లీవ్ తొడగండి. రంధ్రానికి గ్రోమెట్, అంటే అంచుకి తొడిగే రబ్బరు రింగు, తప్పనిసరి, అది లేకపోతే కోసిన రేకు అంచు పైపుని రంపంలా తినేస్తుంది. ఇంకా నీట్‌గా కావాలంటే రేకుకి బిగించే బల్క్‌హెడ్ ఫిట్టింగు పెట్టుకోవచ్చు, చూడ్డానికి అందంగా ఉంటుంది. నాకైతే రెండు జాయింట్లు ఎక్కువైన అందం కంటే గ్రోమెటే ఇష్టం.

కంప్రెసర్ ఇంజిన్‌తో పాటు కదులుతుంది, కండెన్సర్ బాడీకి బిగించి ఉంటుంది. క్లచ్ వదిలినప్పుడు అంబాసిడర్ ఇంజిన్ మౌంటింగుల మీద ఎంత ఊగుతుందో బోనెట్ ఎత్తి ఎవరిచేతనైనా వదిలించి చూడండి. పైపుకి అంత ఆట ఉండాలి. ప్రెషర్ ఎక్కినప్పుడు పైపు పొడవు కొంచెం తగ్గుతుంది కూడా. లాగి కొలిచి తిన్నగా కోసిన పైపు మొదటి వేసవి దాటదు. మరీ వదులుగా వదిలేస్తే ఫ్యాన్‌కి తగులుతుంది, కాబట్టి బాడీ వైపు రబ్బరు లైనింగ్ ఉన్న క్లాంపులు వేయండి.

దారి కుదిరాక తెల్ల పెయింట్ పెన్నుతో పైపు మీద, ఫిట్టింగు మీద కలిసేలా ఒక గీత గీయండి. రెండు చివర్లా గీయాలి. రెండు ఎల్బోలు ఒకదానికొకటి ఏ కోణంలో ఉండాలో క్రింపింగ్ చేసేవాడికి ఆ గీతే చెప్తుంది. అది లేకుండా చేయిస్తే పైపు మెలితిరిగి కూర్చుంటుంది, ఆ మెలిక నట్టుని ఎప్పుడూ విప్పడానికే చూస్తుంది. హాక్సా బ్లేడుతో కోయనివ్వకండి, రబ్బరు పొడి లోపలికి పోయి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ జల్లెడలో చేరుతుంది. హోస్ కట్టర్‌తో అడ్డంగా తిన్నగా కోయాలి. పైపు ఫెరూల్ అడుగుదాకా వెళ్ళిందని పక్క రంధ్రంలోంచి చూసి, అప్పుడే నొక్కాలి. క్రింప్ ఫెరూల్ చుట్టూ సమానంగా, ఉబ్బెత్తు వలయాల్లా రావాలి. ఏసీ పైపులే చేసే షాపులో అలా నొక్కే అచ్చులు (డైలు) ఉంటాయి. ఆటోనగర్‌లోనే అలాంటివాళ్ళు దొరుకుతారు, హైడ్రాలిక్ షాపు పక్క వీధిలో అడగండి.

గ్యాస్ పట్టించే మూతులు, అంటే సర్వీస్ పోర్టులు, ఆర్-134ఎ రకంవే పెట్టించండి. హై సైడ్‌ది 16 మిల్లీమీటర్లు, లో సైడ్‌ది 13, ఒకదాని కప్లర్ ఇంకోదానికి ఎక్కదు. పైపు ఫిట్టింగుతోనే పోర్టు కలిసి వచ్చేవి దొరుకుతాయి, వేరే టీ ఆకారం జాయింటు వేయాల్సిన పని ఉండదు. చెయ్యి అందే చోట పెట్టించండి. ప్రెషర్ స్విచ్ మాత్రం మానేయకండి. పాత కారు రేడియేటర్ ముందు కండెన్సర్ నిలబెట్టి ట్రాఫిక్‌లో ఆగుతున్నారు, ఫ్యాన్ ఆగిపోతే కంప్రెసర్‌ని ఆపేది అదే.

డ్రయ్యర్ మూతలు ఆఖరి నిమిషంలోనే తీయాలి. ముందే తీస్తే లోపలి గుళికలు గదిలో తేమనంతా తాగేస్తాయి. అది నిటారుగా ఉండాలి, ఇన్ అని రాసిన వైపు కండెన్సర్ నుంచి వచ్చే పైపు. సెకండ్ హ్యాండ్ కంప్రెసర్ లోపలి పాత ఆయిల్ మొత్తం వంపేసి చూడండి, నల్లగానో వెండి పొడితోనో ఉంటే దానికి కొత్త పైపులు వేయడం దండగ. శుభ్రంగా ఉంటేనే ఆర్-134ఎకి సరిపడే ఆయిల్ కొలత ప్రకారం పోయండి.

అన్నీ బిగించాక గ్యాస్ కంటే ముందు డ్రై నైట్రోజన్. సుమారు 150 పీఎస్ఐ ఎక్కించి ప్రతి జాయింటుకీ సబ్బు నీళ్ళు పూసి, రాత్రంతా గేజ్ పెట్టి వదిలేయండి. టైర్ల షాపు గాలి వద్దు, అందులో నీళ్ళుంటాయి. ఆక్సిజన్ సిలిండర్ అసలే వద్దు, ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. నైట్రోజన్ నిలిచాక ముప్పావు గంట వ్యాక్యూమ్, ఆపాక ముల్లు కదలకుండా నిలవాలి, ఆ తర్వాతే గ్యాస్. "దీంట్లో ఇంకా చల్లగా వస్తుంది" అని చవక గ్యాస్ పేరుతో ఎల్పీజీ రకం కలుపుతామంటే డబ్బా లేబుల్ చూపించమనండి. అది అంటుకునే గ్యాస్, కాయిల్ బాక్స్ మీ మోకాళ్ళ పక్కనే ఉంది.

మీరు అడగనిది ఒకటి: పాత డైనమోనే ఉందా, ఆల్టర్నేటర్ మార్చారా? కంప్రెసర్ క్లచ్ కాయిల్, బ్లోయర్, కండెన్సర్ ఫ్యాన్, హెడ్‌లైట్లు కలిసి రాత్రి పూట డైనమో మోయలేదు. ఆల్టర్నేటర్ పెడితే బ్రాకెట్లు, బెల్టు దారి మారొచ్చు, అప్పుడు పైపుల దారీ మారుతుంది. కాబట్టి అది ముందు తేల్చుకోండి.

కంప్రెసర్ వెనక మూతుల ఫోటో, డ్రయ్యర్ పెట్టాలనుకున్న చోటు ఫోటో పెడితే ఏ చివర ఏ ఎల్బో కావాలో జాబితా రాసిస్తాను. అదే కాగితం తీసుకెళ్ళి కౌంటర్ మీద పెట్టండి.